బ్లూటూత్ డబ్బాలు అమ్మే కంపెనీ పెద్ద స్పీకర్లను నమ్మొచ్చా?

మహబూబ్‌నగర్ తమ్ముడొకరు అడిగిన ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. కొత్త ఇంట్లో మేడ మీద గదిని పాటలు వినడానికే ఉంచుకున్నాడు. హైదరాబాద్‌లో జేబీఎల్ ఎల్100 క్లాసిక్ అనే పెద్ద స్పీకర్ల జత విన్నప్పటి నుంచి దాని మీదే మనసు. ఇంట్లో చెబితే వాళ్ల బావ, "మొబైల్ షాపులో చార్జర్ల పక్కన వేలాడే డబ్బా కంపెనీకి లక్షలు పోస్తావా?" అని అందరి ముందు నవ్వాడట. ఇప్పుడు తమ్ముడికి అనుమానం పట్టుకుంది. సందుకొక షాపులో దొరికే సరుకు అమ్మే బ్రాండ్‌కు ఖరీదైన స్పీకర్లలో పరువు మిగులుతుందా? రేపు అమ్ముకోవాల్సి వస్తే ధర పలుకుతుందా? లేక ఖరీదైనవి మాత్రమే చేసే చిన్న కంపెనీ వైపు పోవడం మేలా?

నేను నల్లగొండలో మైక్ సెట్ల రిపేరుతో మొదలుపెట్టాను. ఇప్పుడు ఫంక్షన్ హాళ్లకు, ఇళ్లలో హోం థియేటర్లకు సౌండ్ బిగించే పని చేస్తున్నాను. నా జవాబు: కొనొచ్చు. అయితే బావ అడిగింది తీసిపారేసే మాట కూడా కాదు. చవక సరుకు వల్ల పేరు పోగొట్టుకున్న కంపెనీలు ఉన్నాయి, అదే చవక సరుకుతో నిలబడ్డ కంపెనీలూ ఉన్నాయి. తేడా ఎక్కడ వచ్చిందో చూడాలి.

ముందు ఎల్100 సంగతే తీసుకుందాం. ఇవాళ క్లాసిక్ అని మురిసిపోతున్న ఆ పెట్టె పుట్టినప్పుడు అదే జేబీఎల్ వాళ్ల మాస్ సరుకు. స్టూడియోల కోసం 4310 అనే మానిటర్, అంటే రికార్డింగ్ సరిచూసుకునే స్పీకర్, చేశారు. రికార్డింగ్ ఇంజనీర్లు దాన్ని ఇళ్లకు కూడా పట్టుకుపోవడం చూసి, నారింజ, నీలం, గోధుమ రంగు స్పాంజి లాంటి నురుగు గ్రిల్ (ముందు జాలీ) తొడిగి 1970లో ఇంటి స్పీకర్‌గా వదిలారు. అదే ఎల్100. అప్పటిదాకా కంపెనీ చేసిన ఏ ఇంటి స్పీకర్ కూడా అంతగా అమ్ముడుపోలేదు. అమెరికా తూర్పు తీరంలో మెత్తటి శబ్దానికి అలవాటు పడ్డవాళ్లు దీన్ని రాక్ పాటల డబ్బా అని మూతి విరిచేవాళ్లు. 2018లో అదే ఆకారంతో, కొత్త లోపలి సామానుతో ఎల్100 క్లాసిక్ వచ్చినప్పుడు జత 4,000 డాలర్లు పెట్టారు. ఒకనాటి కుర్రకారు సరుకు యాభై ఏళ్లకు పెద్దమనిషి సరుకైంది.

ఇంకో విచిత్రం చూడు. 1980లలో అమెరికాలో జేబీఎల్ పేరు మామూలు దుకాణాల్లో వరుసగా పేర్చిన పెట్టెల మీద కనిపిస్తుండగా, జపాన్‌లో అదే పేరును తలమీద పెట్టుకున్నారు. అక్కడి జాజ్ కాఫీ హోటళ్లలో 4343 లాంటి పెద్ద స్టూడియో మానిటర్లు ఉండేవి. కాఫీ తెప్పించుకుని, మాట్లాడకుండా రికార్డులు వినడానికే జనం వచ్చేవాళ్లు. 1985లో ప్రాజెక్ట్ ఎవరెస్ట్, 1989లో కే2 వంటి భారీ స్పీకర్లు కంపెనీ చేసిందంటే ముఖ్యంగా ఆ జపాన్ కొనుగోలుదారును చూసే. కంపెనీ ఒకటే, కాలం ఒకటే. ఒక దేశంలో మామూలు పేరు, ఇంకో దేశంలో గొప్ప పేరు. జనం కళ్ల ముందుకు ఏ సరుకు ముందు వచ్చిందో దాన్ని బట్టి ఆ ఊళ్లో పరువు కట్టారు.

ఇక పేరు పోగొట్టుకున్న కథ. ఇది జేబీఎల్‌కు దాయాది లాంటి కంపెనీదే. జేమ్స్ బుల్లో లాన్సింగ్ అనే ఇంజనీరు హాలీవుడ్ సినిమా హాళ్లకు స్పీకర్లు చేసేవాడు. ఆయన కంపెనీ 1941లో ఆల్టెక్‌తో కలిసి ఆల్టెక్ లాన్సింగ్ అయింది. 1946లో ఆయన బయటికి వచ్చి సొంతంగా పెట్టుకున్నదే ఇవాళ్టి జేబీఎల్. మూడేళ్లకే, 1949లో చనిపోయాడు. అటువైపు ఆల్టెక్ లాన్సింగ్ వాళ్ల 'వాయిస్ ఆఫ్ ద థియేటర్' స్పీకర్లు దశాబ్దాల పాటు అమెరికా సినిమా తెరల వెనక నిలబడ్డాయి. ఆ కొమ్ము స్పీకర్ల పాత జతల కోసం ఇప్పటికీ వెతికేవాళ్లున్నారు.

మరి మన దగ్గర ఆల్టెక్ లాన్సింగ్ అంటే ఎవరికి ఏం గుర్తొస్తుంది? 2000ల్లో కంప్యూటర్ కొన్నవాళ్లను అడుగు. బల్ల కింద ఒక బేస్ డబ్బా, కంప్యూటర్ తెరకు అటూ ఇటూ రెండు చిన్న పుల్లల్లాంటి స్పీకర్లు. అవి చెడ్డవని అనను. ఆ ధరకు బాగానే మోగేవి. కానీ అక్కడ జరిగింది వేరు. పేరు చేతులు మారుతూ మారుతూ పోయింది. కంప్యూటర్ స్పీకర్ల వ్యాపారం పెరిగింది. థియేటర్ల సామాను చేసే వైపు 1990ల చివరికి మూతపడింది. 2005లో హెడ్‌సెట్ల కంపెనీ ప్లాంట్రానిక్స్ ఆ పేరును కొనుక్కుని, నాలుగేళ్లకే మళ్లీ అమ్మేసింది. చవక సరుకు ఖరీదైన సరుకును చంపిందని జనం చెప్పుకుంటారు గానీ, నాకు అలా అనిపించదు. ఖరీదైన సరుకు చేసే చేతులు వెళ్లిపోయాక మిగిలింది చవక సరుకు ఒక్కటే. పోల్చుకోవడానికి పక్కన ఇంకేమీ లేదు.

ఏకేజీ కథ ఇంకా దగ్గరిది. 1947లో వియన్నాలో పుట్టిన ఈ కంపెనీ మైకులు, హెడ్‌ఫోన్లు స్టూడియోల్లో ప్రమాణం. జేబీఎల్ సొంతదారైన హర్మన్ కంపెనీ దాన్ని 1990లలో కొంది, హర్మన్‌ను శాంసంగ్ 2017లో దాదాపు 800 కోట్ల డాలర్లకు కొంది. అదే ఏడాది గెలాక్సీ ఎస్8 ఫోన్ పెట్టెలో 'ట్యూన్డ్ బై ఏకేజీ' (శబ్దం సరిచేసింది ఏకేజీ) అన్న ఇయర్‌ఫోన్లు వచ్చాయి. అదే ఏడాది వియన్నాలోని పాత చోటు మూతపడింది. అక్కడి ఇంజనీర్లలో కొందరు కలిసి ఆస్ట్రియన్ ఆడియో అని కొత్త కంపెనీ పెట్టుకున్నారు. స్టూడియోల వాళ్లకు మనసు విరిగింది ఫోన్ పెట్టెలో ఇయర్‌ఫోన్లు చూసి కాదు, వియన్నా తలుపులు మూసినందుకు. రెండూ ఒకేసారి జరగడంతో నింద ఇయర్‌ఫోన్ల మీద పడింది.

బ్లాపుంక్ట్ అంటే కారు స్టీరియోలకు జర్మనీలో పెద్ద పేరు. 2008లో బాష్ దాన్ని అమ్మేశాక పేరు లైసెన్సుల మీద తిరుగుతోంది. మన దేశంలో ఆ పేరుతో వచ్చే టీవీలను నోయిడా కంపెనీ చేస్తుంది. అదే కంపెనీ కొడాక్, థామ్సన్ టీవీలు కూడా చేస్తుంది. పేరు అద్దెకు తీసుకోవడం నేరమేమీ కాదు. కానీ పెట్టె మీద ఆ బ్రాండ్ లోగో అయిన నీలం చుక్కను చూసి జర్మన్ రేడియో గుర్తొచ్చి కొంటే, ఆ గుర్తుకు డబ్బు కడుతున్నావని తెలిసి కట్టాలి.

ఈ ప్రమాదం కంపెనీలకు తెలియక కాదు. అందుకే పేర్లు విడదీస్తారు. హర్మన్ 1996లో ఖరీదైన ఇంటి స్పీకర్ల కోసం రెవెల్ అనే పేరును ప్రత్యేకంగా పెట్టింది. జేబీఎల్ పేరు బరువు, దాని వెంట వచ్చే అభిప్రాయాలు రెండూ లేకుండా మొదలుపెట్టాలనుకున్నారు. డెన్మార్క్ బ్యాంగ్ అండ్ ఓలఫ్‌సెన్ 2012లో కుర్రకారు కోసం, తక్కువ ధర వస్తువుల కోసం బీ అండ్ ఓ ప్లే అని వేరే కొమ్మ తీసింది. కొన్నేళ్లకు దాన్ని మళ్లీ అసలు పేరులోనే కలిపేసుకుంది. వేరు పేరు పెట్టినా జనం ఒకటే అనుకుంటారు, మరి రెండు పేర్లకు ప్రచారం ఖర్చు ఎందుకు? ఇప్పుడు గాలి ఇంకో వైపు వీస్తోంది. సామాన్యుడి హెడ్‌ఫోన్లు అమ్మే బోస్ 2024లో మెకింటాష్, సోనస్ ఫాబెర్ అనే ఖరీదైన ఆడియో పేర్లు రెండింటినీ కొంది. హర్మన్ 2025లో బవర్స్ అండ్ విల్కిన్స్, డెనాన్, మరాంట్జ్ అనే ఆడియో పేర్లున్న గుంపును 35 కోట్ల డాలర్లకు తీసుకుంది. కాబట్టి నువ్వు అడిగినట్టు 'ఖరీదైనవి మాత్రమే చేసే' పెద్ద పేరు వెతుకుదామంటే జాబితా ఏడాదికేడాది చిన్నదవుతోంది. ఉన్న వాటిలో చాలా వాటి వెనక డబ్బాలమ్మిన డబ్బే ఉంది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఈ ప్రశ్నకు లండన్‌లోనో న్యూయార్క్‌లోనో చెప్పే జవాబు నల్లగొండకూ పాలమూరుకూ పనికిరాదు. అక్కడ బ్రాండ్ పై మెట్టు నుంచి కిందికి దిగింది. ముందు పెద్ద స్పీకర్ చూశారు, తర్వాత ప్లాస్టిక్ డబ్బా చూశారు, అందుకే "దిగజారింది" అంటారు. మన దగ్గర పై మెట్టును ఎవరు చూశారు? ప్రకాశం బజారులోనో పాలమూరు న్యూటౌన్‌లోనో ఎవరెస్ట్ స్పీకర్ పెట్టి వినిపించినవాడు లేడు. జేబీఎల్ అనే మూడక్షరాలు మన జిల్లాల్లో రెండు దారుల్లో వచ్చాయి. ఒకటి సినిమా హాలు. తెర వెనక ఉంటుంది కాబట్టి విన్నారు గానీ చూడలేదు. రెండోది పెళ్లి ఊరేగింపు, వినాయక నిమజ్జనం. డీసీఎం వ్యాన్ మీద బేస్ బాక్సులు, పైన టాపులు, ముందు జాలీ మీద ఆ నారింజ రంగు గుర్తు. మూడో దారి, అంటే మొబైల్ షాపు, మొన్న మొన్నటిది.

అందుకని ఇక్కడ లెక్క తిరగబడుతుంది. చిన్న డబ్బా వల్ల పెద్ద స్పీకర్ పేరు పోవడం లేదు. అసలు పెద్ద స్పీకర్ ఉందన్న సంగతే చిన్న డబ్బా ద్వారా తెలుస్తోంది. మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే పెద్దాయన ఒకరు హోం థియేటర్ కోసం నా దగ్గరికి వచ్చి మొదట అడిగింది, "మా పిల్లవాడి దగ్గర చిన్నది ఉంది, మూడేళ్లైనా చెడలేదు, ఆ కంపెనీదే పెద్దది చూపించు" అని. ఆ మనిషి దృష్టిలో చిన్న డబ్బా పెద్ద స్పీకర్‌కు సాక్షి. నువ్వు ఎన్ని విదేశీ పత్రికల సమీక్షలు చూపించినా ఆ మూడేళ్లంత బలంగా పనిచేయవు.

మరి పరువు ఎక్కడ పోతుంది? పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూలును ముందే కట్లు కట్టి, రంగులద్ది, ఆ తర్వాత నేస్తేనే అది ఇక్కత్. అదే డిజైను మిల్లు గుడ్డ మీద అచ్చు వేసి 'పోచంపల్లి' అని అమ్మితే కట్టుకున్నావిడ రెండు ఉతుకులకే పోచంపల్లిని తిడుతుంది, అచ్చు వేసినవాణ్ని కాదు. అదే చేనేత సంఘం చిన్న సైజు జేబు రుమాలు నేసి వంద రూపాయలకు అమ్మితే ఎవరి పరువూ పోదు. స్పీకర్లలోనూ చూడాల్సింది ఇదే. తక్కువ ధర వస్తువు రుమాలా, అచ్చు గుడ్డా?

మన జిల్లాల్లో అచ్చు గుడ్డలు బోలెడు. డీజే బాక్సుల్లో చాలా వాటిలో ఉండేది స్థానిక వడ్రంగి ప్లైవుడ్‌తో చేసిన పెట్టె, ఎక్కడిదో పద్దెనిమిది అంగుళాల స్పీకర్. ముందు జాలీ మీద లోగో మాత్రం కోఠి గల్లీల్లో విడిగా దొరుకుతుంది. అవసరానికి మించి వాట్లు పంపి కాయిల్ కాల్చుకుని, "జేబీఎల్ పెట్టినా ఆగలేదు" అంటారు. తెరిచి చూస్తే లోపల మాగ్నెట్ మీద ఇంకేదో పేరు ఉంటుంది, లేదా ఏ పేరూ ఉండదు. బ్లూటూత్ డబ్బాల్లోనూ అచ్చం అసలులా ఉండే నకిలీలు ఉన్నాయి. బ్రాండ్ బాగా అమ్ముడుపోతున్న కొద్దీ నకిలీలు పెరుగుతాయి. మాస్ మార్కెట్‌లోకి దిగినందుకు కంపెనీ కట్టే అసలు జరిమానా ఇదే అని నా అభిప్రాయం. ఎవరెస్ట్‌కు నకిలీ చేసేవాడు లేడు కదా.

ఇంకో నష్టం కూడా ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. చెవి అలవాటు. చిన్న డబ్బాలో రెండు, మూడు అంగుళాల కోన్ (ఊగి శబ్దం పుట్టించే గిన్నె) ఉంటుంది. అంత చిన్న కోన్ లోతైన బేస్‌కు కావలసిన గాలిని కదపలేదు. కాబట్టి అటూ ఇటూ ప్యాసివ్ రేడియేటర్లు (లోపలి గాలి ఒత్తిడికే ఊగే పలకలు) పెట్టి, లోపల చిప్పుతో బేస్‌ను ఎత్తుతారు. తక్కువ వాల్యూమ్‌లో గుమ్ముమని వస్తుంది. వాల్యూమ్ పెంచుతూ పో, ఒక దశ దాటాక పాట గట్టిగా అవుతుంది గానీ బేస్ సన్నబడుతుంది. కోన్ చిరిగిపోకుండా ఆ చిప్పే బేస్‌ను తగ్గిస్తుంది. తెలివైన పనే, తప్పు పట్టను. కానీ అయిదారేళ్లు అదే విన్న కుర్రాడు మంచి స్టూడియో మానిటర్ ముందు కూర్చుని, "అన్నా, బేస్ ఏది?" అంటాడు. తబలా మీద వేలు పడ్డ చోటు, గాయని ఊపిరి తీసుకోవడం అన్నీ వినిపిస్తున్నా అతనికి కావలసిన గుమ్ము లేదు. ఆ బ్రాండ్ పెద్ద స్పీకర్‌ను ఆ బ్రాండ్ చిన్న డబ్బాయే ఓడించింది. నేను డెమోలో అలాంటివాళ్లకు వెంటనే ఏమీ చెప్పను. వాళ్లకు బాగా తెలిసిన పాట ఒక అరగంట విననిస్తాను. చాలామందికి అరగంట చాలు. కొందరికి ఎప్పటికీ చాలదు, వాళ్లకు సబ్‌ఊఫర్ అమ్మి పంపిస్తాను.

ఈ సందర్భంలో పీఎంపీఓ అనే ఉబ్బించిన లెక్కతో రాసిన వాట్ల కాలం కూడా గుర్తు చేసుకోవాలి. 1990లు, 2000ల్లో టేప్‌రికార్డర్ల మీద, టూ ఇన్ వన్‌ల మీద, కంప్యూటర్ స్పీకర్ల మీద వేలకు వేల వాట్లు రాసేవాళ్లు. పెట్టె వెనక చూస్తే అది కరెంటు తీసుకునేదే ఇరవై ముప్పై వాట్లు. అది మొత్తం ఆడియో వ్యాపారానికే అంటిన మచ్చ. ఇప్పటికీ మన దగ్గర స్పీకర్ కొనే మనిషి మొదట "ఎన్ని వాట్లు?" అని అడుగుతాడు, చెప్పిన అంకెను నమ్మడు.

బావకు చెప్పదగ్గ ప్రయోగం ఒకటి ఉంది. హర్మన్‌లోనే ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లో చేసిన పరీక్ష అది. కంపెనీ ఉద్యోగులనే కూర్చోబెట్టి కొన్ని స్పీకర్లను తెర వెనక పెట్టి ఒకసారి, కళ్ల ముందు పెట్టి ఒకసారి వినిపించి మార్కులు వేయమన్నారు. తెర ఉన్నప్పుడు చవకైన చిన్న స్పీకర్ల సెట్ ఖరీదైన వాటికి దీటుగా నిలిచింది. తెర తీయగానే దాని మార్కులు పడిపోయాయి, పెద్ద పెద్ద పెట్టెల మార్కులు పెరిగాయి. శబ్దం మారలేదు, చూపు మారింది. స్పీకర్ల కంపెనీలో పనిచేసేవాళ్ల పరిస్థితే అది. చార్జర్ల పక్కన వేలాడిన పేరు చూసి బావ చెవి కూడా అలాగే మార్కులు తగ్గిస్తుంది. నువ్వు మాత్రం తక్కువ తినలేదు. ఆ నారింజ గ్రిల్ చూసి నీ చెవి మార్కులు పెంచి ఉండొచ్చు. అందుకే రెండోసారి వినేటప్పుడు షాపువాణ్ని అడిగి ఇంకో జతతో మార్చి మార్చి, కళ్లు మూసుకుని విను. రెండు జతల వాల్యూమ్ సమానంగా ఉండేలా చూడు. కొంచెం గట్టిగా మోగేదే బాగుందని అనిపించడం మన చెవుల బలహీనత, డెమో ఇచ్చేవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు.

ఆ పరీక్షలు చేసే ల్యాబ్ ఎవరి డబ్బుతో నడుస్తుంది? కాలిఫోర్నియాలో నార్త్‌రిడ్జ్ దగ్గర హర్మన్‌కు ప్రతిధ్వని లేని గదులు ఉన్నాయి. తెర వెనక స్పీకర్లను యంత్రంతో కొన్ని సెకన్లలో మార్చి వినిపించే గది ఉంది. స్పీకర్ నుంచి అన్ని దిక్కులకూ వెళ్లే శబ్దాన్ని కొలిచి ఒకే గ్రాఫులో చూపించే పద్ధతి అక్కడ పెరిగిందే. తర్వాత అది అమెరికా పరిశ్రమ ప్రమాణమైంది. ఏడాదికి కొన్ని వందల జతలు అమ్మే కంపెనీకి ఇవన్నీ కట్టే స్తోమత ఉండదు. నీ గదిలోకి వచ్చే స్పీకర్ వెనకాల ఆ కొలతలు ఉన్నాయంటే, వాటి ఖర్చులో కొంత చార్జర్ల పక్కన వేలాడిన డబ్బాలు కట్టినట్టే. ఒక్క దారిలోనే కాదు, విద్య అటూ ఇటూ కూడా ప్రయాణిస్తుంది. కచేరీల్లో ఒకదాని కింద ఒకటి వేలాడదీసే స్పీకర్ల (లైన్ అరేల) కోసం చేసిన, రెండు డయాఫ్రంలు (శబ్దం పుట్టించే పలుచని పొరలు) ఉన్న డీ2 డ్రైవర్‌ను జేబీఎల్ తర్వాత ఎం2 స్టూడియో మానిటర్లో పెట్టింది. ఆ పైన ఇంటి కోసం చేసే 4367 అనే స్పీకర్లోకి తెచ్చింది.

అయితే ఆ మాటను తిప్పి చెబితే నమ్మకు. "లక్షల స్పీకర్‌లోని టెక్నాలజీయే ఈ నాలుగు వేల డబ్బాలో ఉంది" అని ఏ కంపెనీ చెప్పినా అది ప్రకటనే. పదిహేను అంగుళాల ఊఫర్ (బేస్ స్పీకర్) చేసే పనిని రెండంగుళాల కోన్‌తో ఏ టెక్నాలజీ చేయించలేదు. చవక వస్తువు అమ్మితే పరువు పోదు గానీ, ఇలాంటి అబద్ధం చెబితే పోతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది: సర్వీసు. మన జిల్లాల్లో ఏ కాలం నుంచో నిలబడ్డ సౌండ్ పేరు ఏది అంటే అహూజా. 1940 నుంచి ఉన్న ఢిల్లీ కంపెనీ. గుడి మీద కొమ్ము మైకు, ఎన్నికల ఆటో, గ్రామ పంచాయతీ, బడి, చెర్వుగట్టు జాతర, కురుమూర్తి జాతర, ఎక్కడ చూసినా అదే. చేతిలో పట్టుకునే చవక మెగాఫోన్ కూడా అమ్ముతారు. దానివల్ల వాళ్ల పెద్ద యాంప్లిఫైయర్ల పేరు ఎప్పుడైనా తగ్గిందా? తగ్గలేదు. యూనిట్ డయాఫ్రం పోతే దేవరకొండలోనైనా, నాగర్‌కర్నూల్‌లోనైనా మరుసటి రోజుకు దొరుకుతుంది. సాయంత్రానికి బిగించి ఇవ్వగల మెకానిక్ కూడా దొరుకుతాడు. మైక్ సెట్ వాళ్లకు బ్రాండ్ అంటే అదే.

చిన్న బ్లూటూత్ డబ్బాల్లో ఈ పద్ధతి లేదు. బ్యాటరీ పోయినా, చార్జింగ్ పిన్ను ఊడినా వారంటీ లోపల మార్చి ఇస్తారు, వారంటీ దాటితే పారెయ్యడమే. ఒక కస్టమర్ అలాంటి డబ్బా పట్టుకుని ఒక సర్వీస్ సెంటర్ చుట్టూ నెల రోజులు తిరిగి, చివరికి విసిగిపోయి నా దగ్గరికి వచ్చాడు. ఏ కంపెనీదో చెప్పను, అన్నిటి కథా ఇంచుమించు ఇదే. అతను మాత్రం ఆ కంపెనీ సౌండ్‌బార్ చూపిస్తేనే చెయ్యి ఊపి వద్దంటున్నాడు. ఇది నేను చూసిన నిజమైన పరువు నష్టం. నాలుగు వేల వస్తువు దగ్గర విసిగిన మనిషి నలభై వేల వస్తువు దగ్గరికి రాడు. డబ్బాలు అమ్మే విభాగం వేరు, పెద్ద స్పీకర్ల విభాగం వేరు, పంపిణీదారు కూడా వేరు కావచ్చు. ఆ సంగతి అతనికి అనవసరం. పెట్టె మీద పేరు ఒకటే కదా.

డీలర్ల వైపు నుంచి కూడా ఒక మాట. హైదరాబాద్‌లో ఖరీదైన ఆడియో అమ్మేవాళ్లలో కొందరు, ఆన్‌లైన్ సేల్ బ్యానర్ల మీద కనిపించే పేరును తమ షోరూంలో పెట్టడానికి జంకుతారు. పక్కనే ఎవరూ వినని యూరప్ పేరు పెడితే బేరమాడేవాడు ఉండడు. ఈ జంకు వల్ల నీకు లాభం ఉంది. తెలిసిన పేరు మీద బేరం ఆడొచ్చు, ధర ఎక్కడికక్కడ పోల్చి చూడొచ్చు.

అమ్మకం ధర విషయానికొస్తే నీ భయం తలకిందులుగా ఉంది. పాత స్పీకర్ కొనేవాడు తెలియని పేరుకు భయపడతాడు, తెలిసిన పేరుకు కాదు. అతను వచ్చి చూసేవి కోన్ చిరిగిందా, కోన్ అంచు చుట్టూ ఉండే సరౌండ్ బాగుందా, సీరియల్ నంబర్లు జతగా ఉన్నాయా, బిల్లు ఉందా, విడిభాగాలు దొరుకుతాయా, ఇవే. చిన్న కంపెనీ స్పీకర్ ఎంత గొప్పగా మోగినా, ఆ కంపెనీ పదేళ్ల తర్వాత ఉంటుందో లేదో అన్న అనుమానం దాని ధరలోంచి కోత కోస్తుంది. అలాగని చిన్న కంపెనీలు వద్దనను. కోల్‌కతా సోనోడైన్ 1970 నుంచి మన దేశంలోనే స్పీకర్లు చేస్తోంది, వాళ్ల స్టూడియో మానిటర్లు నేను బిగించాను, ఇంట్లో పెట్టుకోవడానికి నాకు ఇష్టమైనవి కూడా. నీ బడ్జెట్‌లో ఒకసారి అవి కూడా వింటే నష్టం లేదు. వాటి పేరు విని బావ నవ్వడు కూడా, ఎందుకంటే ఎప్పుడూ విని ఉండడు.

ఎల్100 క్లాసిక్ తీసుకునేటట్టయితే ఇవి చూసుకో. అది నాలుగు ఓంల స్పీకర్, సున్నితత్వం (ఇచ్చిన శక్తికి ఎంత గట్టిగా మోగుతుందనే కొలత) 90 డెసిబెళ్లు. చవక రిసీవర్‌తో నడిపితే బిగువు రాదు. నాలుగు ఓంల భారాన్ని హాయిగా మోసే యాంప్లిఫైయర్‌కు డబ్బు ముందే పక్కన పెట్టు. నేల మీద నేరుగా పెట్టకు, పొట్టి స్టాండ్ కావాలి. మీ మేడ గదిలో తాండూరు బండలు, పైన స్లాబ్, గోడలకు నున్నటి పెయింట్ అయితే ముందు మందపాటి జంపఖానా పరచు, స్పీకర్లకు ఎదురు గోడకు పుస్తకాల అల్మారా పెట్టు. గది గణగణమంటుంటే ఎవరెస్ట్ తెచ్చినా గణగణే వినిపిస్తుంది. డీలర్ దగ్గర బిల్లు మీద రెండు స్పీకర్ల సీరియల్ నంబర్లు రాయించుకో. అధికారిక పంపిణీదారు వారంటీనా, షాపు వారంటీనా అని కాగితం మీద అడుగు. ఊఫర్, ట్వీటర్ (సన్నని శబ్దాల స్పీకర్) విడిగా ఎంతకు వస్తాయో, తెప్పించడానికి ఎన్ని వారాలు పడుతుందో కొనకముందే కనుక్కో. సమాధానం చెప్పడానికి నసిగిన చోట కొనకు, ఇంకో డీలర్‌ను చూసుకో. ఆ నురుగు గ్రిల్ మన ఎండకు, దుమ్ముకు ఎక్కువకాలం ఆగదు. పాత ఎల్100ల మీద అది పొడిపొడిగా రాలిపోయేది. కిటికీ ఎండ నేరుగా పడని గోడకు స్పీకర్లు పెట్టుకుని, కొత్త గ్రిల్ జత ధర కూడా అదే రోజు అడిగి రాసుకో.